ఘోరవృకము

ఈ సంచిక చదువు బాలబాలికలలో పలువురు “డైర్ వుల్ఫ్” అను పేరు వినియే యుందురు. వారి తలిదండ్రులలో వినినవారు అరుదు. కంప్యూటరుపైనను చేతిఫోనుపైనను ఆడెడి సాహసక్రీడలలో మంచుకొండల నడుమ నెదురై, గుఱ్ఱమంత యెత్తున నిలిచి, ఆటగాని కంఠమును పట్టబోవు పెద్ద తోడేలు అదియే. ఆ యాటలలోని రాక్షసులును రెక్కల సర్పములును కేవలము కల్పితములు గనుక ఇదియు నట్టిదే యని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. ఈ మృగము నిజముగా భూమిమీద సంచరించినది, వేటాడినది, పిల్లలను పెంచినది, పిమ్మట నొక్కటియు మిగులక నశించినది. దానిని మేమిచ్చట “ఘోరవృకము” అని పిలుతుము. దాని లాటిను నామమునకు అర్థము ఇంచుమించుగా నదియే.

2025 ఏప్రిల్ నెలలో ఈ ఘోరవృకము మరల బ్రదికి వచ్చినదని అనేక పత్రికలు వ్రాసినవి; తెల్లని తోడేలుపిల్లల చిత్రములను ప్రకటించినవి. నాటినుండి విద్యార్థులు మమ్ము “ఇది నిజమా?” అని యడుగుచునే యున్నారు. ఒక్కమాటలో “కాదు” అనుట సులభమే. కాని యట్లనుటకు కారణము తెలియవలెనన్న మూడు మృగములను వేఱువేఱుగా చూడవలయును. ఒకటి ఆటలోని మృగము. రెండవది ఎముకలలోని మృగము. మూడవది ఇటీవల పుట్టిన తెల్లని మృగము. మూడింటికిని పేరొక్కటే. చిక్కంతటికిని మూల మదియే.

మొదట ఆట సంగతి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న పట్టణము కలదు. ఆ యూరివాడైన గ్యారీ గైగాక్స్ అనునాతడు డేవ్ ఆర్నెసన్ అను మఱియొకనితో గూడి 1974లో “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అను క్రొత్త ఆటను ప్రకటించెను. మన వైకుంఠపాళికివలె దీనికి గీచిన పటమే ప్రధానము గాదు. ఆడువారిలో నొకడు కథకుడై యొక లోకమును వర్ణించును. తక్కినవారు ఒక్కొక్క వీరుని వేషము వహించి, “నేను తలుపు తెఱచెదను”, “నేను కత్తి దూసెదను” అని పలుకుచుందురు. ఆ పని నెఱవేరినదో లేదో తేల్చునది పాచిక. ఆ పాచికలలో ఆఱు ముఖములవే గాక ఇరువది ముఖములవియు నున్నవి. నేడు లోకమంతటను కంప్యూటరుపై నాడబడు సాహసక్రీడలలో ననేకములు ఈ కాగితపు ఆట సంతానమే.

ఇట్టి ఆటకు శత్రువులు కావలెను గదా. 1977లో గైగాక్స్ “మాన్‌స్టర్ మాన్యువల్” అను మృగనిఘంటువు నొకదానిని ప్రకటించెను. అందు భూతములును పలుతలల సర్పములును ఉన్న వరుసలోనే, అక్షరక్రమమున, తోడేలును చేరినది. తోడేలితోబాటు ఘోరవృకమును చేరినది. అటుపిమ్మట ముద్రణ మారిన కొలదిని ఆ మృగమును పెరుగజొచ్చినది. 2003 నాటి నియమగ్రంథమునందు దాని పొడవు తొమ్మిది అడుగులనియు, బరువు 800 పౌనులనియు నిర్ణయించిరి. 800 పౌనులనగా సుమారు 360 కిలోగ్రాములు. బండి లాగెడి ఒక మోస్తరు నాటు ఎద్దంత బరువన్నమాట.

ఇంకొక వింత గలదు. “డైర్” అను మాట ఒక శాస్త్రజ్ఞుడు ఒకే మృగమునకు పెట్టిన లాటిను విశేషణము. ఆటకర్తలు దానిని లాగుకొని ఎలుకకును గబ్బిలమునకును ఎలుగుబంటికిని అడవిపందికిని సింహమునకును గూడ తగిలించిరి. ఆ లోకమున ఏ జంతువునకు ముందు ఈ పదము చేర్చినను అది రెండింతలై, ముండ్లు మొలిచి, కోఱలు పెంచుకొనును! పేరు పెట్టినవాడు చూచియుండినచో నవ్వుకొనియుండును.

అయినను ఆటను మేము నిందింపము. తోడేలు గుంపుగా వేటాడునను సంగతిని ఆ నియమకర్తలు చక్కగా పట్టుకొనిరి. 2014 నాటి నియమముల ప్రకారము, ఎర ప్రక్కన తోడేలికి సహచరు డొకడున్నయెడల ఆ తోడేలి పక్షమున పాచికను రెండుమారులు వేసి, పెద్ద సంఖ్యను తీసికొనవచ్చును. ఒంటరి తోడేలికి ఆ లాభము లేదు. కాటుపడినవాడు నేలకూలుట గూడ నియమములలో నున్నది. పది పుటల పాఠము చదివినను నిలువని సంగతి పాచిక రెండుసార్లు దొర్లినంతనే బాలుని మనస్సున నిలుచును. పిల్లలు ఈ యాటలలో కాలము గడుపుచున్నారని చింతించు తలిదండ్రులు, ఆ మృగమును గూర్చి వారినే ప్రశ్నించి చూతురుగాక. వారు చెప్పుదానిలో సగము కల్పితమైనను, అడుగుటకు ఒక ద్వారము తెఱువబడును.

ఇక ఎముకలలోని మృగము. 1854 వేసవిలో ఇండియానా రాష్ట్రమున ఇవాన్స్‌విల్ పట్టణము చెంత, ఒహాయో నదిగర్భమున, దంతములతో గూడిన యొక దవడయెముక దొరికినది. అది జోసెఫ్ నార్‌వుడ్ అను భూతత్త్వవేత్త ద్వారమున ఫిలడెల్ఫియా నగరమందలి జోసెఫ్ లైడీ చేతికి వచ్చెను. అమెరికాలో ప్రాచీన జంతుశేషములను శాస్త్రరీతిని పరిశోధించిన మొదటివారిలో లైడీ యొకడు. ఆ దవడ నేటి తోడేలిది కాదని యాతడు గ్రహించి, లాటినున “కానిస్ ప్రైమీవస్” అని పేరిడెను. ఆదిమశునకమని దాని యర్థము.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన విషయ మొకటి వచ్చినది. జంతువులకు పేళ్లు పెట్టుటలో ఒక కట్టుబాటు గలదు: ఒకరు ముందుగా ఒక జంతువునకు పెట్టిన పేరును మఱియొకరు వేఱొక జంతువునకు పెట్టరాదు. లైడీ యేర్పఱచిన పేరును అంతకు పూర్వమే, 1833లో, నేపాళమున నివసించిన బ్రయన్ హాడ్జ్‌సన్ అను నాంగ్లేయుడు హిమాలయ ప్రాంతపు అడవికుక్కకు పెట్టియుండెను. ఆ యడవికుక్క మఱేదియో గాదు, మన తెలుగువారు రేచుకుక్క యనియు రేసుకుక్క యనియు పిలుచునదియే. అందుచేత లైడీ పెట్టిన మొదటి పేరు చెల్లలేదు; ఆతడే 1858లో పెట్టిన “కానిస్ డైరస్” అను పేరు వాడుకకు వచ్చినది. “డైరస్” అనగా లాటినున ఘోరమైనది, అశుభసూచకమైనది. మన రేచుకుక్క అడ్డుపడకున్న ఆటలలో ఆ భయంకరమైన పేరే యుండెడిది కాదు.

ఒక దవడతో ఒక మృగము చరిత్ర తెలియదు. ఘోరవృకము నిజముగా మనకు పరిచితమైనది కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలెస్ నగరమున. ఆ నగరము నడుమ రాంచో లా బ్రేయా అను చోట భూగర్భమందలి ముడినూనె నేల బీటలగుండ పైకి ఊరుచుండును. దానిలోని తేలికయైన భాగము ఆవిరియై పోగా, చిక్కని తారు మడుగులుగా మిగులును. ఎండకాలమున అది మెత్తబడును. రాలిన ఆకులును దుమ్మును పైని కప్పుకొనును. చూచువారికి మామూలు నేలవలె కనబడును. ఒక గుఱ్ఱమో అడవిదున్నయో దానిపై కాలు మోపినచో మఱి తీసికొనజాలదు. మనుష్యుని మునుగునంత లోతు అక్కఱలేదు. కొలది యంగుళముల తారు చాలును. ఈగ జిగురుకాగితమున చిక్కినట్లే.

చిక్కిన ఎర యార్తనాదము చేయును. ఆ నాదము విని మాంసభక్షకములు వచ్చును. అవియు చిక్కును; వాటి కళేబరములకై మఱికొన్ని వచ్చును. అందుచేతనే ఆ మడుగులలో ఒక విపరీతము కనబడుచున్నది. అడవిలో నూఱు లేళ్లకు ఒకటి రెండు తోడేళ్లుండుట ప్రకృతిధర్మము. లా బ్రేయాలో దొరికిన పెద్ద జంతువులలోనో శాకాహారులకంటె మాంసాహారులే మిక్కిలి హెచ్చు. 1913 మొదలు 1915 వఱకు ఆ నగరపు మ్యూజియమువారు అచ్చట పెద్దయెత్తున త్రవ్వించిరి. తరువాతను త్రవ్వకములు సాగినవి. ఇప్పటికి నాలుగువేలకు మించిన ఘోరవృకముల యెముకలు బయటపడినవి. కత్తికోఱల పులియని ప్రసిద్ధిగన్న స్మైలోడాను సంఖ్య గూడ అందులో సగమునకు కొంచెము హెచ్చు మాత్రమే.

నాలుగువేలన్నంతనే తోడేళ్లు మందలు మందలుగా తారులో దూకినవని యూహింపరాదు. ఆ మడుగులు ఏబదివేల యేండ్లకు పూర్వమునుండియు ప్రాణులను పట్టుచునే యున్నవి. నలువదివేల యేండ్లలో నాలుగువేల తోడేళ్లనగా సగటున పదియేండ్లకు ఒకటి. ఒక మనుష్యుడు ఆ మడుగు ప్రక్కన ఇల్లు కట్టుకొని జీవితమంతయు గడపినను, అట్టి సంఘటనను ఏ ఐదాఱుమార్లో చూచియుండును. కాలము దీర్ఘమైనపుడు అరుదైన యాపదయు రాశియగును. ఆ స్థలముననే కట్టిన మ్యూజియములో 404 ఘోరవృక కపాలములను ఒక గోడనిండ వరుసలుగా నమర్చినారు. వెలుపలి మడుగులలో నేటికిని తారుబుడగలు లేచుచునే యున్నవి.

ఆ యెముకలు ఏమి చెప్పుచున్నవి? మొదటిది పరిమాణము. ఘోరవృకము సగటు బరువు 60 మొదలు 68 కిలోగ్రాములు. నేటి తోడేళ్లలో మిక్కిలి పెద్దవైన అలాస్కా, యూకాన్ ప్రాంతముల తోడేళ్లకు ఇది ఇంచుమించు సమానము. అనగా ఆటగ్రంథమున వ్రాసిన బరువులో ఐదవ వంతు గూడ లేదు. గుఱ్ఱమంత యెత్తు లేదు; దానిపై నెక్కి సవారిచేయుటయు లేదు. ఐనను అది అల్పప్రాణి గాదు. తల వెడల్పు హెచ్చు, దంతములు పెద్దవి, దవడల పట్టు నేటి తోడేలి పట్టుకంటె బలమైనది. గుఱ్ఱములను అడవిదున్నలను పట్టి పడవేయుటకు తగిన నిర్మాణము.

రెండవది దంతముల స్థితి. 1993లో బ్లెయిర్ వాన్ వాల్కెన్‌బర్గ్, ఫ్రిట్జ్ హెర్టెల్ అను నిరువురు పరిశోధకులు లా బ్రేయా మృగముల దంతములను లెక్కించి, వానిలో విఱిగినవి నేటి సింహములు, తోడేళ్లు మొదలగువానిలో కంటె చాల హెచ్చుగా నున్నట్లు ప్రకటించిరి. దంతము విఱుగుట ఎముక కొఱుకుటచేత. కడుపునిండ మాంసము దొరకిన మృగము ఎముకజోలికి పోదు. కాబట్టి ఆ కాలమున వేటమృగముల నడుమ పోటీ తీవ్రముగా నుండి, దొరకిన కళేబరమును ఎముకలతోగూడ నమిలి తినవలసి వచ్చినదని వారి తాత్పర్యము. ఆటలో ఘోరవృకము ఎన్నడును ఆకలిగొన్నట్లు కనబడదు. వీరుడు వచ్చువఱకు కొండచఱియలో కాచుకొని యుండుటయే దాని పని. ఈ విఱిగిన పండ్లను చూచినపుడు మాత్రము దాని జీవితము మనకు కొంచెము తెలియును.

మూడవది గాయములు. విఱిగి మరల అతుకుకొన్న యెముకలు ఆ రాశిలో నున్నవి. కాలు విఱిగిన తోడేలు కొన్ని వారములు వేటాడజాలదు, అయినను బ్రదికినది. గుంపులోని తక్కినవి తెచ్చినదానిలో దానికి భాగము దొరకియుండునని కొందఱు శాస్త్రజ్ఞులు ఊహింతురు. ఊహయే గాని రుజువు గాదు. కాని ఒక్కచోటనే ఇన్ని చిక్కుట చూడగా, ఇవి గుంపులుగా తిరిగినవనుట సమంజసముగనే యున్నది.

ఎముకలు చెప్పనివియు కలవు. రోమముల రంగు ఎముకలో నుండదు. కూత ఎముకలో నుండదు. ఆటల చిత్రకారులు వేసిన నల్లరంగును దూరదర్శన కథలలోని తెల్లరంగును కళాకారుల యిష్టమే. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో ప్రారంభించిన నవలలలోను, వాని నాధారముచేసికొని 2011 మొదలు ప్రదర్శింపబడిన “గేమ్ ఆఫ్ థ్రోన్స్” కథలోను ఒక తెల్లని ఘోరవృకము ముఖ్యపాత్ర. ఈ తెల్లదనమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మనకు మరల పని గలదు.

2021లో వెలువడిన యొక పరిశోధన ఈ మృగమును గూర్చిన భావమునే మార్చివేసినది. అంతవఱకు దానిని నేటి తోడేలికి పెద్దన్నగా నెంచిరి. లా బ్రేయా తారులో నానిన యెముకలనుండి జీవాక్షరములు, అనగా డి.ఎన్.ఏ., రాబట్టుట సాధ్యము కాలేదు. అందుచేత పరిశోధకులు ఇతర ప్రదేశముల యెముకలను వెదకి, 46 ఎముకలను పరీక్షింపగా అయిదింటిలో మాత్రమే డి.ఎన్.ఏ. దొరకినది. ఐడహో, ఒహాయో, టెన్నెసీ, వైయోమింగ్ రాష్ట్రములలో దొరకిన యెముకలవి. చదివి చూడగా, ఘోరవృక వంశము నేటి తోడేలు వంశమునుండి సుమారు 57 లక్షల యేండ్లకు పూర్వమే వేఱుపడినట్లు తేలినది. రెండును అమెరికాలో కొంతకాలము ఒకే నేలమీద బ్రదికినను వాని నడుమ సంకరము జరిగిన జాడ లేదు. తిమింగలము చేపవలె నుండుట ఒకే నీటిలో నీదుటచేతనే గాని చుట్టఱికముచేత గాదు గదా. అట్లే ఒకేవిధమైన వేట రెండు వంశములకును ఒకే రూపము నిచ్చినది. 1918లోనే జాన్ మెరియమ్ అను పండితుడు దీనిని వేఱు వర్గముగా నెంచి “ఈనోసియాన్” అని పేరిడియుండెను. నూఱేండ్లు మూలబడిన ఆ పేరునే ఈ పరిశోధకులు మరల నిలిపిరి.

ఇది ఎట్లు నశించినది? అమెరికాలో గుఱ్ఱములు, ఒంటెలు, మహాగజములు, నేలపై తిరుగు స్లోతులు మొదలైన పెద్ద జంతువులు కడపటి మంచుకాలము ముగియు దినములలో అంతరించినవి. ఎర పోయినపిమ్మట వేటగాడు నిలువజాలడు. 2023లో ప్రకటింపబడిన లా బ్రేయా పరిశోధన ప్రకారము 12,900 యేండ్ల క్రిందటికే ఆ ప్రాంతమున పెద్ద జంతువులు లేకుండ పోయినవి. అదే సమయమున నేల వేడెక్కి యెండుట, మనుష్యులు హెచ్చగుట, కార్చిచ్చులు ప్రబలుట మూడును ఒక్కటిగా కనబడుచున్నవి. ఏ కారణము ఎంత యని తూచుట కష్టము. ఒక్కటి మాత్రము స్పష్టము. పెద్ద యెరను నమ్ముకొన్న ఘోరవృకము పోయినది; ఎలుకనుండి లేడివఱకు ఏది దొరికిన నది తిను చిన్న కొయోటీ నేటికిని లాస్ ఏంజిలెస్ వీధులలో రాత్రివేళ తిరుగుచున్నది.

ఇప్పుడు మూడవ మృగము కడకు వచ్చితిమి. కొలోసల్ బయోసైన్సెస్ అను అమెరికా సంస్థవారు ఘోరవృకముయొక్క 13,000 యేండ్ల నాటి దంతమునుండియు, 72,000 యేండ్ల నాటి కపాలమునుండియు డి.ఎన్.ఏ. తీసి చదివిరి. పిమ్మట నేటి బూడిదరంగు తోడేలి జీవకణములను గైకొని, వానిలో 14 జన్యువులయందు 20 మార్పులు చేసిరి. అట్టి కణములతో నేర్పఱచిన పిండములను పెంపుడుకుక్కల గర్భములలో నుంచిరి. 2024 అక్టోబరు 1వ తేదీన రెండు మగపిల్లలును, 2025 జనవరి 30వ తేదీన ఒక ఆడుపిల్లయు పుట్టినవి. మగవాటికి రోమునగర స్థాపకుల పేళ్లయిన రోములస్, రీమస్ అనియు, ఆడుదానికి మార్టిన్ కథలోని ఖలీసీ యనియు పేళ్లిడిరి. వానిని రెండువేల ఎకరముల కంచెలో పెంచుచున్నారు.

ఇది మహత్తరమైన శాస్త్రనైపుణ్య మనుటకు సందేహము లేదు. కాని పుట్టినది ఘోరవృకమా? విద్యార్థులు లెక్క వేయుదురుగాక. తోడేలి డి.ఎన్.ఏ.లో సుమారు 240 కోట్ల అక్షరములు గలవు. ఘోరవృకపు వ్రాత దీనితో నూటికి 99.5 వంతులు కలియునని ఆ సంస్థవారే చెప్పిరి. మిగిలిన అర వంతనగా 1 కోటి 20 లక్షల అక్షరములు. వారు చేసిన మార్పులు ఇరువది.

మన పెద్దలకు తెలిసిన తాళపత్రములతో పోల్చి చెప్పెదము. ఒక ప్రాచీన గ్రంథము చెదలు తిని నశించినది. దాని ఆకులు రెండు మూడు ముక్కలై దొరకినవి. ఒక లేఖకుడు వానిని చదివి, అదే విషయముపై నున్న మఱియొక గ్రంథమును తీసికొని, దానిలో ఇరువది చోట్ల అక్షరములు దిద్ది, అట్టపై నశించిన గ్రంథముయొక్క పేరు వ్రాసెననుకొందము. ఆ లేఖకుని నేర్పును మెచ్చుకొనవచ్చును. పుస్తకమును మాత్రము ఆ పేరుతో అలమారలో నుంచరాదు.

తెల్లరంగు సంగతి యింకను విచిత్రము. ఆ ఇరువది మార్పులలో పదునైదు మాత్రమే ఘోరవృకపు వ్రాతనుండి తీసినవి. ఘోరవృకమున రంగునకు కారణమైన జన్యురూపములను తోడేలియందు చేర్చినచో చెవుడును గ్రుడ్డితనమును కలుగవచ్చునని భయపడి, లేతరంగు నిచ్చునని కుక్కలయందును తోడేళ్లయందును ముందే తెలిసిన వేఱు మార్పులను చేసిరి. అనగా చిత్రములలో అందఱి కన్నులను ఆకర్షించిన ఆ తెల్లదనము ఎముకలనుండి వచ్చినది గాదు. దూరదర్శనములో తెల్లని ఘోరవృకమును చూచినవారు దానిని వెంటనే గుర్తుపట్టిరనుటలో ఆశ్చర్యమేమి?

అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘమునకు చేరిన శునకజాతి నిపుణులు అదే ఏప్రిల్ నెలలో, ఈ మూడును ఘోరవృకములు గావనియు, ఘోరవృకమునకు బదులుగా నిలువదగినవియు గావనియు స్పష్టముగా ప్రకటించిరి. కొన్ని వారములకు ఆ సంస్థయొక్క ప్రధాన శాస్త్రజ్ఞురాలైన బెత్ షపీరో గూడ, ఇవి ఇరువది మార్పులు చేసిన బూడిదరంగు తోడేళ్లేయని యొప్పుకొనెను. మొదటి వార్త వినినంతమంది ఈ రెండవ వార్తను వినలేదు.

జన్యువుల మాట అటుండ, తోడేలు తోడేలగుట తల్లిదగ్గఱను గుంపులోను. ఎచ్చట పొంచవలెను, ఏ యెరను విడువవలెను, ఎవరికి లొంగవలెను అనునవి పెద్దవాని వెంట తిరిగి నేర్చుకొనవలసినవి. ఘోరవృకమునకు ఆ విద్య నేర్పు తల్లి పదివేల యేండ్లకు పూర్వమే పోయినది. అది వేటాడిన గుఱ్ఱములును ఒంటెలును ఆ నేలపై లేవు. 2022 సెప్టెంబరులో నమీబియానుండి ఎనిమిది చీతాలను మన మధ్యప్రదేశములోని కూనోకు తెచ్చిరి. మన చీతా నశించినదని 1952లో ప్రకటింపబడినది గనుక అవి ఆఫ్రికా చీతాలే. ఆ కార్యమును గూర్చియు పండితులలో భేదాభిప్రాయములు గలవు. కాని అచ్చట దిగినవి చీతాల గర్భమున పుట్టి, చీతాలవలె బ్రదుకగల చీతాలు.

ఈ క్రొత్తవిద్యవలన ప్రయోజన ముండవచ్చును. అమెరికాలో అడవిని కొద్ది పదులు మాత్రమే మిగిలిన ఎఱ్ఱతోడేలు వంటి జీవులకు ఇది తోడ్పడునేమో యని కొందఱు ఆశించుచున్నారు; మేమును ఆశింతుము. మేము తప్పుపట్టునది పేరును. ఆ వార్త వెలువడిన దినములలోనే అమెరికా అంతరంగశాఖా మంత్రి డగ్ బర్గమ్ దానిని కొనియాడుచు, అపాయములోనున్న జంతువులకు మేలుచేయునది శాసనములకంటె నూతనకల్పనయే యను భావమును ప్రకటించెను. పోయినదానిని మరల చేసికొనగలమని నమ్మినవాడు ఉన్నదానిని కాపాడుటకు ఎందుకు శ్రమపడును? ఆటలో చచ్చిన మృగము మఱునాడు ఆట తెఱచినంతనే మరల నిలుచును. ఆ నియమమును పాలకులు అడవికి గూడ వర్తింపజేసినచో నష్టము పిల్లల ఆటవంటిది కాదు.

మన దేశపు తోడేలు ఇంకను జీవించియే యున్నది. దక్కను పీఠభూమిలోని యెండు మైదానములు, అనంతపురము కర్నూలు ప్రాంతముల గడ్డిబీళ్లు దాని నివాసములు. కంబళి కప్పుకొని మందవెంట నడచు గొల్లలకును కురుమలకును అది తెలిసిన శత్రువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుచున్నది. ఐనను అది బ్రదుకు గడ్డినేలలను లెక్కలలో బంజరులని వ్రాసి యితర కార్యములకు ఇచ్చివేయుటచేత చోటు తఱుగుచున్నది. ఊరకుక్కలతో సంకరమగుటయు నొక కీడు. అచ్చట కోట్ల ధనముతో తోడేలిని మఱియొకటిగా మార్చుచుండ, ఇచ్చట ఎవరును చూడకయే తోడేలు మెల్లగా కుక్కయగుచున్నది.

రేచుకుక్కను గూర్చి యొక్కమాట. లైడీ విడువవలసి వచ్చిన ఆ పాతపేరు దానికిని నిలువలేదు. 1811లో పాలస్ అను పండితుడు దానికి అంతకుముందే వేఱు నామ మిచ్చియుండుటచేత నేడు దానిని “క్యువాన్ ఆల్పైనస్” అందురు. 2015 నాటి లెక్క ప్రకారము సంతానము కనదగిన రేచుకుక్కలు లోకమంతటను 949కిని 2,215కిని నడుమ మాత్రమే యున్నవి. నల్లమల యడవులలోను శేషాచలమునందును అవి యిప్పటికిని గలవు. ఎఱ్ఱని మేను, నల్లని కుచ్చుతోక; బరువు ఊరకుక్క కంటె హెచ్చు గాదు. చెట్లమఱుగున విడిపోయినపుడు అవి మొఱుగవు. ఈలవంటి కూతతో ఒండొంటిని పిలుచుకొని, మరల గుంపుగూడి, దుప్పివెంట సాగును.